మామయ్య రేటు కోసం దాచిన టీవీ గేములు

నా చిన్నప్పుడు జగ్గయ్యపేటలో మా మామయ్యకు ఎండుమిరపకాయల వ్యాపారం ఉండేది. మాది నందిగామ అయినా నా హైస్కూలు చదువంతా ఆయన ఇంట్లోనే సాగింది. వీధి వైపు కొట్టు, వెనక వైపు కాపురం. కొత్తగా వచ్చిన చుట్టాలు గుమ్మంలోనే తుమ్మేవారు. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి.

మామయ్య వ్యాపారానికి ఒకటే సూత్రం. కల్లాల మీద కాయ చవగ్గా ఉన్నప్పుడు కొనాలి, గోడౌన్లో పెట్టి నోరు మూసుకుని కూర్చోవాలి, రేటు వచ్చాక అమ్మాలి. తొందరపడి అమ్ముకునేవాళ్ళంటే ఆయనకు లోకువ.

ఊళ్ళోకి టీవీలు వస్తున్న కొత్తల్లో ఆయన మద్రాసు నుంచి కొన్ని టీవీ గేములు తెచ్చాడు. ఒక నల్ల పెట్టె, దానికి వైర్లతో రెండు పిడులు. టీవీకి తగిలిస్తే తెర మీద రెండు గీతలు, మధ్యలో ఒక చుక్క. పిడి మీద మీట తిప్పుతూ గీతతో ఆ చుక్కను కొట్టాలి, అంతే ఆట. ఆ చుక్క కోసమే జనం ఎగబడ్డారు. నందిగామ నుంచి ఒక డాక్టరుగారు, కీసర నుంచి ఒక మోతుబరి వచ్చి అడిగిన ధరకు పట్టుకుపోయారు. దాంతో మామయ్యకు ఆశ పుట్టింది. మళ్ళీ మద్రాసు వెళ్ళి, చేతిలో ఉన్న పెట్టుబడంతా పోసి గదినిండా పెట్టెలు దించాడు. దించి, అమ్మడం మానేశాడు.

"ఇప్పుడే ఎందుకమ్మాయ్? అడిగేవాళ్ళు ఇంకా పెరుగుతారు. రేటు రానీ" అన్నాడు నాతో. మిరపకాయల దగ్గర నేర్చిన విద్య దీనికీ పనికొస్తుందనుకున్నాడు పాపం.

ఏడాది తిరిగేసరికి విజయవాడ షాపుల్లో రంగుల గేములు దిగాయి. క్యాసెట్ మార్చితే ఆటే మారిపోతుంది. ఇక మా చుక్కను అడిగే నాథుడు లేడు. ఇంతలో మిరప కోతలు దగ్గరపడ్డాయి. గరికపాడు వైపు రైతులు బండ్లు కట్టుకుని వస్తే వాళ్ళ చేతిలో డబ్బు పెట్టాలి. ఆ డబ్బేమో పెట్టెల్లో ఇరుక్కుంది. ఒక్క ఏడు వేరే కొట్టులో కాటా వేయించుకున్న రైతు మళ్ళీ మన గుమ్మం తొక్కడు. కొట్టు మూతపడుతుందని మామయ్యకూ తెలుసు. అయినా అయినకాడికి అమ్ముకోవడానికి ఆయనకు మనసొప్పలేదు.

మా అత్తయ్య ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. పని అయ్యాక అరుగు మీద కూర్చుని ఎదురుగా ఉన్న అద్దె సైకిళ్ళ కొట్టును చూస్తూ ఉండేది. మామయ్య గుంటూరు వెళ్ళిన ఒక ఆదివారం ఆవిడ ఒక పెట్టె సీలు చింపేసింది. టీవీని అరుగు మీద పెట్టించి నన్ను ఆడమంది. మామయ్య ఏమంటాడోనని భయపడుతూనే మీట తిప్పాను. క్షణంలో పిల్లలు మూగారు. "కొనిపెట్టమని ఇంట్లో పేచీ పెట్టకండర్రా. ఒక్క రోజుకి అద్దెకి అడగమనండి, చాలు" అని చెప్పి పంపింది. మామయ్య తిరిగొచ్చేసరికి ఇంకొన్ని సీళ్ళు చిరిగి ఉన్నాయి.

ఆయన చెప్పులు కూడా విప్పకుండా నిలబడిపోయాడు. "సీలు తీస్తే పాతది కింద లెక్క. ఇంకెవడు కొంటాడే?"

"సీలున్నప్పుడు మాత్రం ఎవరు కొన్నారండీ? బస్తా విప్పకపోతే కాయ రంగు దిగదా? ఇవీ అంతే, పెట్టెలో కూర్చునే పాతబడుతున్నాయి."

మిరప వ్యాపారికి ఆ మాట ఇంకొకరు విడమరిచి చెప్పనక్కర్లేదు. అన్నం కలుపుకుంటూ, "నందిగామ పంపాలంటే బస్సులో వెయ్యచ్చా, కుదుపులకి పాడవుతాయా?" అని అడిగాడు.

పెళ్ళిళ్ళకు, పుట్టినరోజులకు పెట్టెలు అద్దెకు తిరిగాయి. తీసుకున్నవాళ్ళలో కొందరు తక్కువకిమ్మని అడిగి అట్టేపెట్టుకున్నారు. మొత్తం మీద నష్టమే. అయితే ఆ ఏడు మా కొట్టు ముందు కాటా ఆగలేదు. మామయ్య మాత్రం ఒక్క పెట్టెను సీలుతో ఉంచుకుంటానన్నాడు. అత్తయ్య నవ్వి ఊరుకుంది. నా పెళ్ళికి ఆయన దాన్ని నా చేతిలో పెట్టి, "రేటొచ్చాక అమ్ముకో" అన్నాడు.

మొన్న మా అక్క కొడుకు అటక మీద ఆ పెట్టెను చూసి కేకేశాడు. సీలు తియ్యని పాత గేములను ఎక్కడెక్కడివాళ్ళో వెతుక్కుని మరీ కొంటున్నారట. "నీకు పుణ్యం ఉంటుంది పిన్నీ, సీలు మాత్రం తియ్యకు" అంటూ ధర చెప్పాడు. నాకు నవ్వూ ఏడుపూ కలిసే వచ్చాయి. మామయ్య చెప్పిన రేటు వచ్చింది, వినడానికి ఆయనే లేడు. కొట్టును నిలబెట్టింది మాత్రం అత్తయ్య చింపిన సీళ్ళే.

వాడు వెళ్ళాక కత్తెర తెచ్చి సీలు కోశాను. తగిలించడానికి ఆ కాలపు టీవీ ఇంట్లో లేదు. పక్కింటి పిల్లలు మీటలు గిరగిరా తిప్పుతూ కాసేపు ఉత్తుత్తి ఆట ఆడారు. కొత్త చీర కొంటే పండగ దాకా ఆగను, కొత్త గిన్నె ఆ పూటే పొయ్యెక్కాలి. ఇన్నేళ్ళుగా మా ఇంట్లో వాడకుండా దాచిన వస్తువు అదొక్కటే, ఇప్పుడు అదీ లేదు.