రాతి కప్పు కింద అవ్వ

తెలంగాణ వచ్చిన కొత్తలో నా చేతికి ఇంజనీరింగ్ పట్టా వచ్చింది, దాంతోపాటు నాకు తెలియనిదేమీ లేదన్న నమ్మకమూ వచ్చింది. ఆ వయసులో అందరికీ వచ్చే జబ్బే అది, నాకు కాస్త ముదిరింది. కట్టంగూర్‌లో మా చర్చికి స్లాబు వద్దు, పాతకాలపు ఇటలీ చర్చిలకు ఉన్నట్టు ఇనుము లేని రాతి కమాను కప్పు వేద్దామని పెద్దలను ఒప్పించింది నేనే. (ఇటలీని నేను చూసింది పుస్తకంలోని బొమ్మల్లోనే.) అర్ధవృత్తం గీసి, రాళ్ల అతుకులన్నీ దాని కేంద్రం వైపే చూసేలా చెక్కించాను. కమాను బరువు గోడలను బయటికి నెడుతుంది కదా, అందుకని ఆ వంపును మూడు భాగాలు చేసి గోడ మందం తేల్చే పాత పద్ధతినే పట్టుకున్నాను.

కమాను కింద ఆసరాగా నిలిపిన సెంట్రింగ్ కర్రలు విప్పే రోజు తెల్లారేసరికి నా ధైర్యమంతా ఎటు పోయిందో తెలియదు. కర్రలు తీసేస్తే రాళ్లు ఒకదాన్నొకటి ఒత్తుకుని నిలబడాలి. నిలబడకపోతే? వాకిట్లో అందరికీ నవ్వుతూ కనబడుతున్నాను గానీ లోపల ప్రాణం గిలగిల్లాడుతోంది. మేస్త్రీ రెండు కొసలా కర్రలు వదులు చేసి, నడిమి వాటిని కూడా వదులు చేయడం పూర్తవుతుండగా, మా అవ్వ పక్క తలుపులోంచి చాపతో లోపలికి వెళ్లి కమాను కిందే పరిచి కూర్చుంది. మేస్త్రీ సుత్తె ఆపేశాడు. పాస్టరయ్య బయటి నుంచే బతిమాలాడు. అంతలో పైన రాయి కిర్రుమంది. నేను లోపలికి పరుగెత్తాను.

లెమ్మంటే అవ్వకు మోకాళ్లు పట్టేశాయి. లాగితే రాదు. సున్నం పొడి జలజలా రాలింది. ఇద్దరం పోయామనుకుని ఆమె తల మీదికి వంగి, కళ్లు గట్టిగా మూసుకున్నాను.

"జర గట్టిగ పట్టుకో బిడ్డా, నాకు బయమైతాంది" అంది అవ్వ.

"మరెందుకొచ్చినవే?"

"పొద్దుగాల్నుంచి నీ మొకం చూస్తున్న. ఒక్కదానివే బయపడుతున్నవని వచ్చిన."

పొడి రాలడం ఆగింది. కప్పు తన బరువు తానే మోస్తోందని, ఇక రావచ్చని మేస్త్రీ నెమ్మదిగా చెప్పాడు. ఇద్దరినీ కలిపి లేపడానికి నలుగురు కావలసి వచ్చారు. అందరూ నా చదువును పొగుడుతుంటే నేను ఏడుస్తూ నిలబడ్డాను.

అప్పటి నన్ను, అన్నీ తెలుసనుకున్న ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. సెంట్రింగ్ విప్పే రోజున నాకు ఇప్పటికీ భయమే. దాచుకోవడం మాత్రం బాగా వచ్చింది, నా ముఖం చూసి కనిపెట్టే ఆ మనిషే ఇప్పుడు లేదు.