మోకాలెత్తు గోడ

మేము కాకా అని పిలిచే కంట్రాక్టర్ చనిపోయాడన్న మాట నాకు బొగ్గుబాయి మీదే తెలిసింది. మొదటి షిఫ్టు చేసి పైకి వచ్చి, దీపం అప్పగించి, ఎప్పటిలాగే చాయ్ కోసం ఆయన హోటల్ వైపు నడవబోతుంటే తోటి కార్మికుడు భుజం పట్టి ఆపాడు. పొద్దున పొయ్యి ముట్టించి, కాస్త నడుం వాలుస్తానని బల్ల మీద పడుకున్నాడట. మళ్లీ లేవలేదు. నాకు ఏడుపు రాలేదు, అంత ఓపిక లేదు. ఆయన కూడా అలసిపోయే పోయాడనిపించింది.

గోదావరిఖనికి కొత్తగా వచ్చినవాళ్లకు ఆయన హోటలాయనే. అంతకుముందు ఇండ్లు కట్టించే కంట్రాక్టరు. నిజాం కాలంలోనే కొత్తగూడెంలో క్వార్టర్లు కట్టించి, ఇక్కడ బాయిలు తెరిచినప్పుడు తన దగ్గర మేస్త్రీలుగా ఉన్న మమ్మల్ని వెంటబెట్టుకుని వచ్చాడు. అప్పుడు కట్టిన వరసలు ఇంకా ఉన్నాయి. ఆ దారిన పోతే వేలి కణుపులతో గోడ తట్టి, చెవి పెట్టి వినేవాడు. లోపలివాళ్లు ఎవరో వచ్చారనుకుని తలుపు తీసేవారు.

క్వార్టర్లు పూర్తవుతుండగానే బాయిలోకి మనుషులను తీసుకోవడం మొదలైంది. మేము ఆయన ముఖం చూసి వెనకాడుతుంటే ఆయనే చెప్పాడు.

"నా పని ఇయ్యాల ఉంటది, రేపు ఉండదు. బాయి నౌకరి పర్మినెంటు. నా ఫికర్ చెయ్యకుండ్రి, పోండ్రి."

పోయాం. మేస్త్రీలు లేని కంట్రాక్టరుకు పని ఎవరిస్తారు? బాయి దారిలో నాలుగు రేకులు వేసి, చుట్టూ తడకలు కట్టి హోటల్ పెట్టాడు. కట్టిన ఇండ్లలో మేమే కాపురాలు పెట్టాం. కట్టించినాయన రేకుల కింద నిలబడి మాకు పూరీలు వేశాడు.

తడకలు తీసేసి గోడలు లేపాలని ఆయన కోరిక. పునాది తీయించాడు, ఇటుక తెప్పించాడు. వేరే మేస్త్రీలను మాత్రం దగ్గరికి రానివ్వలేదు. తన చేతికింద నేర్చుకున్నవాళ్లే కట్టాలనేవాడు. మొండిమనిషి. సెలవు రోజున తాపీలు పట్టుకుని వెళ్లేవాళ్లం. రెండు వరసలు పేర్చేసరికి నడుములు పట్టేసేవి. ఆయన మా ముఖాలు చూసి, "కూసోండ్రి, గోడ యాడికి పోతది" అంటూ చాయ్ పోసేవాడు. అలా ఆ గోడ మోకాలెత్తు దగ్గరే ఆగిపోయింది. ఏళ్ల తరబడి దాని మీదే కూర్చుని చాయ్ తాగాం.

వానాకాలం జల్లు కొడితే పొయ్యి ఆరిపోయేది. ఆయన భార్యను మేము చిన్నమ్మ అంటాం. ఒకసారి మా ముందే అడిగింది.

"ఊరందరికి ఇండ్లు కట్టిచ్చినవ్. నాకు ఈ వాన ఆగే గోడ ఎప్పుడు లేపుతవ్?"

ఆయన తలెత్తలేదు. పోరగాండ్లు అలిసిపోతున్నరు, తేరుకోనీ అన్నాడు. మేము తేరుకోలేదు. బాయి పని తేరుకోనివ్వదు.

దినాల లోపు, ఆయనను పూడ్చిన చోట సమాధి కడదామనుకున్నాం. హోటల్ వెనక మిగిలిన ఇటుకలు తీసుకుపొమ్మని చిన్నమ్మే చెప్పింది. అవి ఆమె గోడకు తెచ్చినవి. దారం కట్టి మొదలుపెట్టాం. చేతులు మొద్దుబారాయి, వరస వంకరపోతే విప్పి మళ్లీ పేర్చాం. ఆయన ఉంటే ఒక కన్ను మూసి చూసేవాడు. మోకాలెత్తు వచ్చేసరికి ఇటుక అయిపోయింది. మాలో ఒకడు అలవాటు కొద్దీ దాని మీద కూలబడి, అంతలోనే సిగ్గుపడి లేచాడు.

అప్పుడే చాయ్ పట్టుకుని వచ్చిన చిన్నమ్మ అది చూసింది.

"కూసోండ్రి బిడ్డా. ఆయన ఉంటే లెవ్వమంటుండెనా?"

కూర్చున్నాం. ఆమె గ్లాసులు ఆ గోడ మీదే పెట్టి చాయ్ పోసింది. గోదావరి వైపు మబ్బు పట్టింది. ఎవరికీ లేవాలనిపించలేదు.