మామ నిలబడి చూపించిన దృశ్యాలు

పోయిన ఆదివారం మా అమ్మాయి నన్ను అంతరగంగ కొండకు తీసుకెళ్ళింది. ఇప్పుడు దాన్ని ట్రెక్కింగ్ అంటున్నారు. బెంగళూరు నుంచి మోటారు సైకిళ్ళ మీద వచ్చిన పిల్లలు గుహల్లో దూరి, బండల మీద పాకి, ఎండ ముదరకముందే కోలారు హోటళ్ళలో ఇడ్లీలు తింటున్నారు. దీని మీద నాకు ఫిర్యాదేమీ లేదు. మొక్కులు మోసుకుని కాక, కొండను కొండగా చూడడానికి జనం రావడం నా వయసులో చూశాను కదా అని సంతోషించాను కూడా. ఆ సంతోషం మెట్ల దారి మొదటి మలుపు దాకానే నిలిచింది. అక్కడ ఇనుప కమ్మీలు పాతి, సిమెంటు బెంచీ వేసి, ‘వ్యూ పాయింట్’ అని బోర్డు పెట్టారు. నేను ఆగిపోయాను. "ఆయాసంగా ఉందా నాన్నా?" అంది మా అమ్మాయి. కాదన్నాను. బోర్డు లేని రోజుల్లోనే ఆ చోటును కనిపెట్టిన మనిషి నాకు తెలుసు. ఈ దారి పొడుగునా ఆయన అలాంటివి చాలా కనిపెట్టాడు. వాటికి బోర్డులు పెట్టాలంటే కొండంతా బోర్డులే ఉంటాయి.

ఆయన మా మేనత్త భర్త. కోలారు బంగారు గనుల్లో, చాంపియన్ రీఫ్స్‌లో, భూమి లోపల డ్రిల్లింగ్ మేస్త్రీగా పని చేశాడు. మా ఇంట్లో మగవాళ్ళంతా గుమాస్తాలు, బడిపంతుళ్ళు. సిరా మరక తప్ప ఇంకో మరక ఎరుగని ఆ ఇంట్లోకి, గనిలో దిగే మనిషిని అల్లుడుగా తెచ్చుకున్నాడు మా తాత. అందులో ఆదర్శమేమీ లేదు. మామ మాటకారి, మా తాతకు మాటకారులంటే ఇష్టం. షిఫ్టు దిగి, ఎర్ర సబ్బుతో స్నానం చేసి, ఆ సబ్బు వాసనతోనే మామ మా వరండాలోకి వచ్చాడంటే చదువుకుంటున్న పిల్లలమంతా పుస్తకాలు మూసేవాళ్ళం. "పైన దేవుడుండాడో లేదో నాకు తెల్దు గానీ, కింద నరకం ఉండాది. నేను దినామూ పోయొస్తా ఉండాను. యముడూ లేడు, గిముడూ లేడు. సుమ్నే, ఉత్త ఉక్కపోత!" అనేవాడు. తర్వాతి రోజుల్లో నేను హేతువాద సభల్లో ఎందరో పెద్దల ఉపన్యాసాలు విన్నాను. నాకు మొదటి పాఠం మాత్రం ఆ ఎర్ర సబ్బు వాసనలోనే దొరికింది.

గనిలో డ్రిల్లు పట్టినవాళ్ళకు ఒక విద్య తెలిసేది. దగ్గును దాచే విద్య. కంపెనీ ఆస్పత్రిలో ఛాతీ ఫొటో తీసే రోజొకటి వచ్చేది. రొమ్ములో దుమ్ము పట్టిందని తేలితే లోపలి పని మాన్పించి పైపనికి పంపుతారని, పైపనిలో కూలి తక్కువని కార్మికుల లైన్ల ఇళ్ళలో అందరికీ భయం. ఫొటోలో ఏం పడుతుందో వాళ్ళ చేతిలో లేదు. డాక్టరు ముందు దగ్గకుండా ఉండడం మాత్రం వాళ్ళ చేతిలోనే ఉందనుకునేవారు. ముందు రోజంతా అల్లం, బెల్లం. ఆ రోజు దవడలో లవంగం. దానికి మామ చేర్చిన మెరుగు, మాటలు. నవ్వుతూ మాట్లాడే మనిషిని ఎవరూ రోగి అనుకోరని ఆయన సిద్ధాంతం. తర్వాత గనులు మూతపడ్డాయి. ఆస్పత్రి వార్డులకు తాళాలు పడ్డాయి, డాక్టర్లు ఎక్కడివాళ్ళు అక్కడికి వెళ్ళిపోయారు. మామ మాత్రం దవడలో లవంగంతోనే ఉండిపోయాడు. భయపెట్టే కంపెనీ పోయింది. భయం మాత్రం, బండ తీసేసినా నేల మీద మిగిలే గుంటలాగా, ఆ ఆకారంలోనే మిగిలింది.

మామకు ఒక్కడే కొడుకు. గని మూతపడ్డాక మాలూరులో ఫ్యాక్టరీ ఉద్యోగం వెతుక్కుని, రోజూ రైల్లో పోయి వచ్చేవాడు. అతనికి క్యాసంబళ్ళి నుంచి ఒక సంబంధం వచ్చింది. పట్టుపురుగులు, మామిడితోట, పాడి ఉన్న కుటుంబం. పిల్ల డిగ్రీ చదివింది, పిల్లాడు నచ్చాడు. పిల్ల అవ్వకే ఒక సందేహం. గని మనుషుల దగ్గు రక్తంలో ఉంటుందని, తండ్రి నుంచి కొడుక్కి దిగుతుందని ఆ పక్క పల్లెల్లో గట్టి నమ్మకం. రాతిదుమ్ము పీల్చినవాడి రొమ్ములోనే ఉంటుందనీ, వంశంలోకి పాకడానికి అది ఇంటిపేరు కాదనీ నేను ఒక సభలో చెప్పాను. చప్పట్లు కొట్టారు. సభ అయ్యాక ఒక పెద్దమనిషి పక్కకు పిలిచి, "అదంతా సరే, మీ చెల్లెల్ని ఇస్తారా?" అని అడిగాడు. నాకు చెల్లెళ్ళు లేరన్నాను. "అదీ సంగతి," అన్నాడు, నన్ను ఓడించినట్టు.

అవ్వ కబురు పంపింది. ఇండ్లకు వచ్చి చూసుకునేది మామూలేననీ, సోమవారం అంతరగంగకు అందరమూ వస్తే దర్శనమూ అవుతుందనీ, పిల్లా పిలగాడూ కొండ చూస్తా మాట్లాడుకుంటారనీ ఆ కబురు సారాంశం. ఇంత ఆధునికమైన ముసలావిడ ఎక్కడ దొరుకుతుందని మా అత్త మురిసిపోయింది. నాకు అనుమానం వచ్చింది. కోలారు బస్టాండులో మామను పక్కకు లాగి, "ఇది నీ ఊపిరికి పరీక్ష మామా. ఉన్నమాట మనమే చెప్పేద్దాం. కొడుక్కి దిగేది కాదని నేను వివరిస్తాను," అన్నాను. అత్త విననే విన్నది. "నీ ఉపన్యాసాలు మీ సంఘంలో చెప్పుకో నాయనా. ఇది నా కొడుకు పెండ్లి," అంది. మామ జేబులోంచి లవంగం తీసి నోట్లో వేసుకుని, నాకు కన్ను కొట్టాడు.

అవ్వ చెప్పులు లేకుండా వచ్చింది. ఎండిన చింతబరిక లాంటి మనిషి. కోతులను చేతికర్రతో అదిలిస్తూ, ఎవరికోసమూ ఆగకుండా ఎక్కసాగింది. ఆమె వెనక మామ. మొదటి మలుపు దగ్గర మామ గభాలున ఆగి, చెయ్యి చాపి, "ఆహా! రాండప్పా, ఇక్కడ నిలబడి చూడండి. ఏమి సీనరీ!" అన్నాడు. అందరమూ నిలబడి చూశాం. కోలారు ఊరు, దాని అవతల చెరువు, రాగి చేలు. మామ ఒక్కొక్కటే చూపిస్తున్నాడు. చూపించే మాటకూ మాటకూ మధ్య ముక్కుతో గాలి లాగుతున్నాడు. మళ్ళీ కొన్ని మెట్లు, మళ్ళీ ఒక సీనరీ. ఆ కొండకు అన్ని అందాలున్నాయని ఆ రోజు దాకా ఎవరికీ తెలియదు. ఒకచోట చూపించడానికి పొద ఒక్కటే ఉంటే, ఆ పొదనే పొగిడాడు.

ఇంకాస్త పైన, దూరంగా తెల్లగా కనిపించేదాన్ని చూపించి, "అదో, అది మా సైనైడ్ దిబ్బ. బంగారం తీసేసినాక మిగిలిన మట్టి. ఇక్కడికి కనిపిస్తా ఉండాది చూడమ్మా," అన్నాడు.

అవ్వ కళ్ళు చిట్లించింది. "అది ఇటుకల బట్టీ పొగ కదప్పా."

"పొగా? నాకు దిబ్బ మాదిరే ఉండాదే."

"కదుల్తా ఉండాది. మీ దిబ్బలు కదుల్తాయా?"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా మామ నవ్వాడు. నవ్వులో ఒక దగ్గును కలిపేశాడు. నేను గమనించాను. అవ్వ గమనించలేదనుకోవడానికి కారణమేమీ కనబడలేదు.

పైన రాతి నంది నోట్లోంచి నీళ్ళు పడుతుంటాయి. కాశీ నుంచి భూమి లోపల లోపలే వస్తాయని, ఏ రోగాన్నయినా కడిగేస్తాయని నమ్మకం. అవ్వ దోసిలి పట్టి తాగి, మూతి తుడుచుకుని, మామ వైపు తిరిగింది. "పుట్టినప్పట్నుంచీ ఈ కొండకి వస్తా ఉండాను. ఇన్నిసార్లు నిలబడి ఎప్పుడూ చూళ్ళేదప్పా. బాగా చూపించినావు," అంది. మా అత్త చేతిలోని కొబ్బరిచిప్ప కింద పడింది. అవ్వ ఒక్క క్షణం ఆగి, "పిల్లనిస్తాము. ఇంగ ఒక్కటే మాట. పిలగాని నాయన నెలకొక సోమారం ఈడికొచ్చి ఈ నీళ్ళు తాగి పోతా ఉండాల. ఇంటికి మంచిది," అంది. దిగేటప్పుడు మామ నా భుజం మీద చెయ్యి వేసి, "పాసైపోయినా అల్లుడా!" అన్నాడు. ఆ చెయ్యి చాలా బరువుగా ఉంది.

పెళ్ళయింది. మామ నెలనెలా కొండెక్కాడు. ఆస్పత్రికి పోదామంటే వినలేదు. ఛాతీ ఆస్పత్రి వరండాలో క్యాసంబళ్ళి వాళ్ళెవరైనా చూస్తే కోడలికి తలవంపులని. "నీళ్ళు కడుపులోకి పోతాయి మామా, దుమ్మున్నది రొమ్ములో. దారే వేరు," అని నేను గొంతు చించుకున్నాను.

"నాకు తెల్దా అప్పా? భూమిలో అంత లోతుకు దిగినోన్ని. కాశీ నుంచి వచ్చే పైపు యాడా అగుపడలా," అన్నాడు.

"మరి ఎందుకు ఎక్కుతావు?"

"కొండెక్కే మనిషికి జబ్బుండాదని ఎవురంటారు?"

నమ్మకం వల్ల ఎవరికేం నష్టమండీ అని నన్ను సౌమ్యంగా మందలించే పెద్దలకు ఈ మెట్లు చూపించాలనిపిస్తుంది. అయితే నిజం ఇంకా చేదు. మామ దేన్నీ నమ్మలేదు. నమ్మనివాడు, నమ్మేవాళ్ళ కోసం ఊపిరిని మెట్టు మెట్టుకూ చిల్లర మార్చి ఖర్చుపెట్టాడు. మూఢనమ్మకాన్ని వాదించి ఓడించవచ్చునని నాకు నేర్పారు. పరువును ఏం చెప్పి ఓడించాలో ఎవరూ నేర్పలేదు.

చివరికి ఒక సోమవారం మామ మెట్ల మొదట్లోనే కూలబడితే, కోడలే ఎవరి మాటా వినకుండా బెంగళూరు ఆస్పత్రికి తీసుకుపోయింది. నేనూ వెంట వెళ్ళాను. డాక్టరు ఏం పని చేసేవారని అడిగాడు. మామ దవడలో లవంగం సర్దుకుని, "క్లర్కు సార్. గని ఆఫీసులో," అన్నాడు. మా ఇంట్లోని సిరా మరకలన్నీ ఆ ఒక్క క్షణం అరువు తెచ్చుకున్నాడు. డాక్టరు రాసుకోబోతుంటే కోడలు, "కాదు సార్. లోపల డ్రిల్లు పట్టినారు. ఆ దగ్గు అప్పట్నుంచే ఉంది," అంది.

మామ ఆమె వైపు చూశాడు. "నీకెవురు చెప్పినారమ్మా?"

"మా అవ్వ. కొండ దిగిన పొద్దే చెప్పింది మామా. మొదటి మలుపులోనే తెలిసిపోయిందంట. అయినా మంచి మనిషి, నవ్విస్తాడు, ఈ ఇంటికే పోమ్మా అనింది. ఆ నీళ్ళు తాగితే తగ్గుతుందని ఆమెకు నమ్మకం. మీరు దాచుకుంటా ఉంటే, తెలుసంటే నొచ్చుకుంటారని నేను నోరు తెరవలేదు."

మామ నవ్వడానికి ప్రయత్నించాడు. దాచడానికి ఎవరూ మిగలనందువల్ల కావచ్చు, అన్నేళ్ళ దగ్గూ ఒక్కసారిగా బయటికి వచ్చింది. రాతిదుమ్ముకు మందు లేదని, దాని మీద క్షయ చేరిందని, ముందే వచ్చి ఉంటే దాన్నయినా ఆపేవాళ్ళమని డాక్టరు ఫొటో చూసి చెప్పాడు. రాగి కోతలకు ముందే మామ పోయాడు. కర్మకాండ రోజు ఎవరో చెంబులో అంతరగంగ నీళ్ళు తెచ్చారు. నేను వీధిలోకి వెళ్ళి నిలబడ్డాను.

మా అమ్మాయి ఆ బెంచీ మీద కూర్చుని ఫోటోలు తీసుకుంది. "ఇక్కణ్ణుంచి ఎంత బాగుందో చూడు నాన్నా," అంది. చూశాను. చెరువు, ఊరు, దూరంగా కదులుతున్న తెల్లటి పొగ. నిజాన్ని కాలమే బయటపెడుతుందని చాలామంది ధైర్యం చెబుతుంటారు. ఈ మలుపులో నిజం అందరికీ మొదటి రోజే తెలుసు. దాన్ని ఇక ఎవరి దగ్గరా దాచనక్కర్లేని రోజు తేవడానికి మాత్రం, కాలం ఒక మనిషి ఊపిరంతా తీసుకుంది.