హాజరు పట్టీలో ఖాళీ గడి

కత్తెర కాగితంలోకి దిగింది. ప్రింటు తీసిన పొడవాటి కాగితం నుంచి ఒక్కొక్క ముక్కనీ అంచు చూసి కోసి, బల్ల మీద పరిచిన డమ్మీ షీటు మీద, పేజీ నమూనాగా, పేరుస్తోంది ఆమె. ఈ పని కంప్యూటరులో పది నిమిషాల్లో అయిపోతుందని ఆఫీసులో అందరూ చెప్పి చూశారు. ఆమె విని, తల ఊపి, మళ్లీ కత్తెరే తీసుకుంది. ముక్కని వేళ్లతో పట్టుకుంటే తప్ప దాని బరువు తెలియదంటుంది. అసలు పేరు గుర్తింపు కార్డు మీద మిగిలిపోయి, అందరి నోటా ఆమె కత్తెరక్క అయింది.

శనివారం వచ్చే వారపత్రికలో చివరి పేజీ ఆమెది. ఆ వారం వార్తలు, సినిమాలు, ఆటలు, సీరియళ్లు అన్నింటినీ వెనక్కి తిరిగి చూసి నవ్వించే పేజీ. పదో తరగతితో చదువు ఆపేసి ప్రూఫులు దిద్దడానికి వచ్చిన మనిషి ఆమె. రాయడం ఎవరూ నేర్పలేదు. పదిమంది రాసినవి దిద్దీ దిద్దీ ఏ మాట అనవసరమో కనిపెట్టింది. ఆ ఒక్క విద్యతో పద్నాలుగేళ్లుగా పేజీ నడుపుతోంది.

ఈ వారం ముక్కలు బాగానే కుదిరాయి. మంత్రిగారు అదే వంతెనని మూడోసారి ప్రారంభించారు. రిబ్బన్లు అయిపోయాయి గానీ వంతెన మాత్రం అవలేదు. ఒక హీరో సినిమా టీజరు ఎప్పుడొస్తుందో చెప్పడానికి ఒక వీడియో వచ్చింది, ఆ వీడియో ఎప్పుడొస్తుందో చెప్పడానికి ముందు ఒక పోస్టరు వచ్చింది. సాయంత్రం సీరియల్లో కథానాయిక నాలుగోసారి గతం మరిచిపోయింది, ఈసారి రచయిత కూడా.

అన్నీ పేర్చాక ఆమె ఎర్ర పెన్సిలు తీసి హాజరు పట్టీ రాయడం మొదలుపెట్టింది. ప్రతి గురువారం ఇంతే.

పేజీ గురువారం సాయంత్రం అయిదింటికి అచ్చుకి వెళుతుంది. పాఠకుల చేతికి వచ్చేది శనివారం పొద్దున. ఆ మధ్య కాలమంతా ఆమెకి భయమే.

ఆమెకన్నా ముందు ఈ పేజీ ఆమె మేనమామది. షూటింగులకి ఆలస్యంగా వెళ్లే ఒక హాస్యనటుడి మీద ఆయన ఒక ముక్క రాశాడు. 'యముడు పిలిచినా ఈయన రెండు గంటలు లేటే' అన్నది దాని చివరి వాక్యం. గురువారం అచ్చయింది. శుక్రవారం మధ్యాహ్నం ఆ నటుడు సెట్లోనే కుప్పకూలి ప్రాణం వదిలాడు. శనివారం పత్రిక ఇంటింటికీ వెళ్లింది. జనం కట్టలు తగలబెట్టారు, మామయ్య ఇంటి కిటికీ పగలగొట్టారు. వాటికి ఆయన బెదరలేదు. మరునాడు ఆ నటుడి పెద్దకొడుకు వచ్చి, ఒక్క మాట అనకుండా ఆ పేజీని మామయ్య చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. మామయ్య మళ్లీ కలం పట్టలేదు. మేనకోడలికి ఆయన అప్పగించింది ఒక పాత డైరీ, ఒక నియమం. "పేజీ ఇచ్చే ముందు అందులో ఉన్నవాళ్లందరికీ హాజరు వెయ్యి. ఎవరు ఎలా ఉన్నారో తెలియకుండా పేజీ వదలకు."

మంత్రి: మధ్యాహ్నం టీవీలో అరుస్తూ కనిపించాడు, హాజరు. హీరో: జిమ్ముకి వెళ్లిన ఫొటో గంట కిందట పెట్టాడు, హాజరు. క్రికెట్ కెప్టెన్: ప్రాక్టీసులో పడి లేచాడు, హాజరు. ఇలా పది గడులు నిండాయి. పదకొండో గడి పెద్ద గాయకుడిది.

అది పేజీ మధ్యలో బొమ్మతో పెట్టిన ముక్క. ఏటా ఆయన వీడ్కోలు కచేరీ ప్రకటిస్తాడు, ఏటా ఆమె రాస్తుంది. 'ఇది ఎనిమిదో వీడ్కోలు. మొదటిదానికి వచ్చి ఏడ్చినవాళ్లు ఇప్పుడు మనవల్ని తీసుకొచ్చి ఏడుపు నేర్పిస్తున్నారు. ఈసారి కన్నీళ్లు ఖర్చు పెట్టకండి, తొమ్మిదోదానికి దాచుకోండి.'

ఆయన ఇంట్లో ఫోను ఎవరూ ఎత్తలేదు. మేనేజరు నంబరు పలకలేదు. టీవీలో కింద పాకే అక్షరాల్లో 'ప్రముఖ గాయకుడికి అస్వస్థత?' అని ఒకసారి వచ్చి మాయమైంది. ఆమె లేచి ఎడిటరు గదికి వెళ్లింది.

"సార్, పెద్దాయన హాజరు దొరకలేదు."

ఎడిటరు కళ్లజోడు పైకి నెట్టాడు. "నువ్వు జోకులు రాస్తున్నావా, జనాభా లెక్కలు తీస్తున్నావా? జలుబు చేసినా అస్వస్థతే అంటారు వాళ్లు. పోనీ."

"పోనిస్తే శనివారం చదివేది మనం కాదు సార్."

"అయితే తీసెయ్. ఆ జాగాలో ఇంకేదైనా పెట్టు. అయిదింటికి అచ్చు ప్లేటు పడాలి, నాకు అది కావాలి."

తీసేద్దామనే అనుకుంది. బల్ల దగ్గరికి వచ్చి ఆ ముక్క అంచు కింద గోరు పెట్టింది కూడా. అంతలో మామయ్య డైరీలో గాయకుడి భార్య నంబరు కనిపించింది. తీసేసినా హాజరు వెయ్యాలి కదా అనుకుని ఫోను చేసింది. చాలాసేపు మోగింది. ఎవరో ఎత్తారు. వెనక చక్రాల బండి లాగుతున్న చప్పుడు.

"ఎవరూ?"

"అమ్మా, నేను వారపత్రిక చివరి పేజీ నుంచి..."

"కత్తెరమ్మాయివా?" ఆ గొంతు అలిసిపోయి ఉంది. "ప్రతి శనివారం నీ పేజీ ఆయనకి నేనే చదివి వినిపిస్తానమ్మా. కళ్లజోడు పెట్టుకోవడం ఆయనకి నామోషీ."

ఎర్ర పెన్సిలు ఖాళీ గడి మీద ఆనించి కత్తెరక్క అడిగింది. "ఆయన ఎలా ఉన్నారమ్మా?"

"లోపల ఉన్నారు. రేపు పొద్దున ఆపరేషను. డాక్టర్లు నా మొహం చూసి మాట్లాడడం మానేశారు. ఆయనకి మాత్రం చిన్నదే అని చెప్పాం. ఈ వారం ఆయన మీద ఉందా?"

"తీసేస్తున్నానమ్మా. మీరేం దిగులు పడకండి."

"అయ్యో, తీసెయ్యకు!" గొంతు ఒక్కసారి లేచి, మళ్లీ తగ్గింది. "పొద్దున్నుంచీ ఆయన చూసిన ప్రతిదానికీ అర్థాలు వెతుకుతున్నారు. మనవరాలు ఎందుకు వచ్చింది, తమ్ముడు ఎందుకు వచ్చాడు అని. ఏటా నువ్వు ఎక్కిరిస్తావు. ఈసారి ఎక్కిరించలేదంటే ఆయనకి అర్థమైపోతుంది. శనివారానికి కళ్లు తెరిస్తే మొదట అదే అడుగుతారు. ఏదీ, ఎలా రాశావో చదువు."

చదివింది. మనవలకి ఏడుపు నేర్పించే చోట అవతల చిన్న నవ్వు వినబడింది. కత్తెరక్క అక్కడే ఆగిపోయింది.

"అంతేనా? నీ ముక్కకి ఎప్పుడూ ఒక తోక ఉంటుందిగా?"

"అది ఇంకా రాయలేదమ్మా."

"రాయి మరి. బాగా రాయి." ఫోను పెట్టేసింది.

గడియారంలో నాలుగూ పది. కన్నీళ్లు దాచుకోమన్న వాక్యం బల్ల మీదే ఉంది. శనివారం పొద్దున ఆవిడ ఒక్కతే పేజీ తెరిచి ఆ వాక్యం చదువుతున్నట్టు కత్తెరక్కకి కనిపించింది. అచ్చం మామయ్య చేతిలో పేజీ పెట్టి వెళ్లిన మనిషి మొహంలాగే కనిపించింది. కత్తెర తీసి ఆ వాక్యాన్ని కోసేసింది. వేలు కూడా తెగింది. నోట్లో పెట్టుకుని కూర్చుంది.

తీసేస్తే ఆయనకి తెలిసిపోతుంది. ఉంచితే, ఆయనకేమైనా అయితే, ఆవిడ గుండె ఆగిపోతుంది. శనివారం ఆ పేజీని ఆయన వింటారో, ఆవిడ ఒక్కతే చదువుకుంటుందో ఈ గంటలో ఎవరూ చెప్పలేరు. అందుకే రాసిన ప్రతి వాక్యాన్నీ రెండుసార్లు చదవసాగింది. ఒకసారి మంచం మీది మనిషి చెవితో, ఒకసారి ఒంటరిగా ఉన్న ఆవిడ కళ్లతో.

'గురువుగారూ, మీరెక్కడికీ వెళ్లరని మాకు తెలుసు.' మంచం మీద నవ్వు వస్తుంది. ఆవిడ దగ్గర కత్తిపోటు. కొట్టేసింది. 'మళ్లీ కలుద్దాం.' ఆవిడకి ఫరవాలేదు గానీ ఆయన ఇక చాలని గోడ వైపు తిరుగుతాడు. కొట్టేసింది. 'తొందరేం లేదు.' ఇది ఎవరికీ పనికిరాదు, డాక్టరు మాటలా ఉంది. నాలుగున్నర అయింది. ఎడిటరు తలుపు దగ్గర నిలబడి గడియారం చూపించి వెళ్లాడు. కాగితం మీద కొట్టేసిన వాక్యాలు తొమ్మిదయ్యాయి. ఒక్క వాక్యం రాయలేని దానికి పద్నాలుగేళ్లు ఏం చేసినట్టు?

నీళ్లు తాగడానికి లేచి, ప్లేటు గది ముందు నుంచి వెళ్లింది. అక్కడ అచ్చు ప్లేట్లు చేసే ప్లేటు బాబాయి బయట యంత్రం తుడుస్తున్నాడు. ఆయన స్టూలు మీద ఎప్పటిలాగే నీలం రుమాలు పరిచి ఉంది. ఇంకెవరూ కూర్చోకుండా పొద్దున రాగానే వేసేస్తాడు.

"ఎక్కడికి పోతుంది బాబాయ్ మీ స్టూలు?" అని అందరూ ఏడిపిస్తారు.

"స్టూలు పోదు. నేను వస్తానని దానికి గుర్తుండాలి కదా," అంటాడు ఆయన ప్రతిసారీ.

కత్తెరక్క నీళ్లు తాగకుండానే వెనక్కి వచ్చింది. నిలబడే రాసింది.

'తొమ్మిదోదానికి ముందు వరుసలో ఇప్పుడే రుమాలు వేసి ఉంచాం.'

మంచం మీద నుంచి చదివింది. ఆయన నవ్వి, 'చూశావా, నన్ను వదలరు వీళ్లు' అంటాడు. తర్వాత ఆవిడ కళ్లతో చదివింది. మెల్లగా, రెండుసార్లు. ఆ వాక్యం ఆవిడని గుచ్చలేదు. ఖాళీ కుర్చీలో వాళ్ల కోసం ఎవరో చోటు ఆపి ఉంచినట్టుంది, అంతే. ఇంకేం చెప్పడం లేదు. ఏ మాటా ఎక్కువ లేదు.

ముక్క ప్రింటు తీసి, కోసి, అంటించింది. గమ్ము ఆరేదాకా ఆ చోట వేలితో నొక్కి పట్టుకుంది. తెగిన వేలి రక్తం అంటలేదు కదా అని వెలుతురులో పెట్టి చూసుకుంది. కంప్యూటరులో కూడా ఆ వాక్యాన్ని మార్చి, డమ్మీతో ఒక్కొక్క అక్షరం సరిచూసి, ప్లేటు గదికి నడిచింది. అయిదుకి ఇంకా ఆరు నిమిషాలు.

ప్లేటు బాబాయి పేజీ అందుకుని మచ్చల కోసం పై నుంచి కింది దాకా చూశాడు. జోకులు చదివే అలవాటు ఆయనకి లేదు. మధ్య ముక్క దగ్గర మాత్రం ఆయన బొటనవేలు కాసేపు కదల్లేదు.

"అందరూ హాజరేనా అమ్మాయ్?"

ఆమె పట్టీ చూపించింది. పది గడుల్లో ఎర్ర గుర్తులున్నాయి. పదకొండోది ఖాళీ.

"ఇది?"

"శనివారం వేస్తాను బాబాయ్."

ఆయన పేజీని రెండు చేతులతో తీసుకుని, భుజంతో తలుపు నెట్టుకుని లోపలికి వెళ్లాడు.