మాణిక్యం ఓట్ల పేరంటం

మాణిక్యం పేరెత్తితే బందరులో ఇప్పటికీ "ఆ బర్మా పిల్లేనా?" అంటారు. పిల్లేమిటి నా మొహం! కౌన్సిలరుగా చేసిన మనిషి. కానీ ఆవిణ్ణి మొట్టమొదట "పిల్లా" అన్నది నేనే కాబట్టి నోరు మూసుకుంటాను.

వాళ్ల తాత కృత్తివెన్ను నుంచి రంగూను వెళ్లి బియ్యం మిల్లులో కూలికి కుదిరాడు. మాణిక్యం అక్కడే పుట్టింది, అక్కడే పెరిగింది. అరవై నాలుగులో మనవాళ్లు అక్కణ్ణించి ఓడలెక్కి వచ్చేయాల్సి వచ్చినప్పుడు, అమ్మానాన్నలతో కలిసి తనూ వచ్చింది. ఊరి చివర చవిటి నేలలో గవర్నమెంటు వేసిన పాకల్లో వాళ్లకో పాక ఇచ్చారు. అక్కడివాళ్లందరినీ మేం కాందిశీకులు అనేవాళ్లం. వాళ్ల ఎదుటే అనేవాళ్లం, అదీ మా మర్యాద.

నేను చిలకలపూడి నుంచి గిల్టు గొలుసులు తెచ్చుకుని ఇంట్లో కూర్చుని కొక్కేలు తగిలించేదాన్ని. మా ఆయన పోయాక ఇరవై రెండేళ్లుగా అదే నాకు అన్నం పెట్టింది. చేతిసాయానికి ఓ మనిషి కావాలంటే ఈ పిల్ల వచ్చింది. ఏదో చెట్టు బెరడు అరగదీసి, ఆ గంధం బుగ్గలకు పూసుకుని మరీ వచ్చింది. "గోడలకు సున్నం వేసి, మొహం కడుక్కోవడం మర్చిపోయావుటే?" అన్నాను. నవ్వేసింది. నాకేదిచ్చినా కుడిచేత్తో ఇస్తూ ఎడమచెయ్యి మోచేతికి ఆనించేది. పాపం చెయ్యి నొప్పేమోనని వారం రోజులు జాలిపడి, రాసుకోమని కొబ్బరినూనె కూడా ఇచ్చాను. అది వాళ్ల దేశంలో పెద్దవాళ్లకిచ్చే మర్యాదట. నూనె మాత్రం తిరిగివ్వలేదు.

వాళ్ల పాకల దగ్గర ఎక్కడ తవ్వినా ఉప్పునీళ్లే. మంచినీళ్లకు మా వీధి కొళాయికి రావాలి. మా బిందెలన్నీ నిండాక, ఇంకా ధార ఉంటే వాళ్ల వంతు. చాలా రోజులు ఉండేది కాదు. మాణిక్యం వెళ్లి మా కౌన్సిలరు శివరామయ్య గారిని పాకల దగ్గర ఒక్క కొళాయి వేయించమని అడిగింది.

"చూద్దాంలేమ్మా. మీరు ఇక్కడ ఉండేవాళ్లో, మళ్లీ వెళ్లిపోయేవాళ్లో ముందు తేలనీ" అన్నాడాయన.

ఏళ్లు గడిచినా తేల్చలేదు. ఈలోగా మున్సిపల్ ఎన్నికలొచ్చాయి. ఇరవై ఆరేళ్ల మాణిక్యం, చెప్పాపెట్టకుండా వెళ్లి, ఆయన మీదే నామినేషను వేసొచ్చింది. గుర్తు గొడుగు. గెలిస్తే పాకలకు నీళ్లు. ఓడితే ఖాళీ బిందెతో మళ్లీ మా వెనక నిలబడాలి.

"నీకేమైనా పిచ్చుందిటే? ఆయనకి జీపుంది, మైకుంది. నీకేముంది?" అన్నాను.

"కాళ్లున్నాయి పిన్నీ. ఇంటింటికీ వెళ్తాను. అవునూ, ఇక్కడ ఆడవాళ్లు ఓటుకి సరిగ్గా రారట, ఎందుకని?"

"పిలవని పేరంటానికి ఎవరెళ్తారే? ఓట్లడగడానికి వచ్చినవాళ్లంతా మా మగాళ్లనే అడిగి వెళ్తారు. బొట్టు పెట్టి పిలిస్తేగానీ బందరు ఆడది గడప దాటదు. పిలిచాక మాత్రం వెళ్లకపోతే తప్పు."

నోటిదురద. పుట్టుకతో వచ్చింది, పుడకలతోగానీ పోదు. అంతా చెప్పాను, అసలు సంగతి మాత్రం వదిలేశాను. మొగుడు పోయినవాళ్లకి బొట్టు పెట్టి పిలవకూడదని చెప్పలేదు. నా బోసి మొహం రోజూ చూస్తూనే ఉందిగా, ఆ మాత్రం తెలియదా అనుకున్నాను. తెలియదు! వాళ్ల రంగూన్లో ఆ పట్టింపే లేదట.

మర్నాడు పొద్దున్నే తలంటుకుని, కుంకుమభరిణె పట్టుకుని వచ్చింది. "మొదటి పిలుపు మీకే పిన్నీ. బుధవారం ఓటుకి రావాలి" అంటూ, నేను తలెత్తేలోపు నుదుటి మీద ఇంత బొట్టు పెట్టేసింది.

"నీ చేతులు పడిపోనూ! కొంప ముంచావు కదే!" అని కేకలేసి కొంగుతో తుడిచేసుకున్నాను. ఏం లాభం? శివరామయ్య గారి భార్య పుష్పావతి ఎదురుగా వాళ్లింటి అరుగు మీద నిలబడి చూడనే చూసింది. మధ్యాహ్నానికల్లా వీధంతా గుప్పుమంది. ఆ చేత్తోనే మాకూ బొట్టు పెడుతుందా అని ముత్తయిదువలు మండిపడ్డారు. సాయంత్రానికి కబురొచ్చింది. రేపు కొళాయి దగ్గర, అందరి ముందూ చెంపలేసుకుంటేనే వాళ్ల ఓట్లు. లేకపోతే ఒక్కటీ రాదు.

మాణిక్యం మొహం వేలాడేసుకుని నా దగ్గరికొచ్చింది. "ఏం చెయ్యమంటారు పిన్నీ?"

"వేసుకో. చెంపలేగా, అరిగిపోతాయా? నీకు నీళ్లు కావాలా వద్దా?" అన్నాను. నాకు బొట్టు పెట్టడం తప్పని ఒప్పుకోమని నా నోటితో నేనే చెప్పాను. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. ఎవరి మీద కోపమో తెలియక గొలుసుల మీద చూపించి రెండు తెంపాను.

పొద్దున్న కొళాయి దగ్గర నలభై మంది ఆడవాళ్లు చేరారు. మాణిక్యం వచ్చి టపటపా చెంపలేసుకుంది. పుష్పావతి మొహం చింకి చేటంత అయింది.

"తప్పు చేశానండీ" అంది మాణిక్యం. "ఓటర్ల జాబితా పట్టుకుని రాత్రి మా అమ్మానాన్నా నేనూ ఒక్కొక్క పేరూ చూసి, భర్తకు ఓటు లేని ఆడవాళ్లను లెక్కపెట్టాం. ఈ వార్డులో భర్త పోయినవాళ్లు ముప్ఫై మంది పైనే ఉన్నారు. ఒక్క కనకరత్నం పిన్నినే పిలిచి మిగతావాళ్లని వదిలేశాను. పిలుపుల్లో అలా తేడా చూపించకూడదు కదండీ. ఇప్పుడే వెళ్లి అందర్నీ పిలుస్తాను."

అని భరిణె తీసుకుని నేరుగా ఎక్కడికి బయల్దేరిందనుకున్నారు? శివరామయ్య గారింటికి! ఆపుదామని బిందె అక్కడే వదిలేసి వెనకాల పరిగెత్తాను. పెరటి గదిలో ఆయన తల్లి మంగతాయారమ్మ గారు చేటలో బియ్యం ఏరుతోంది. డెబ్బై ఏళ్లు దాటిన మనిషి. భరిణె చూసి బిత్తరపోయింది.

"నాకా?" అంది.

"మీకేనండీ. మీ ఓటు మీదే. బుధవారం తప్పకుండా రావాలి."

పెద్దావిడ ఇంటివైపు ఓసారి చూసి, గొంతు తగ్గించి, "చిన్నది పెట్టు తల్లీ. కోడలు చూసిందంటే గొడవ" అంది.

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. సిగ్గేమిటి చెప్పడానికి, ఏడ్చాను. తర్వాత మాణిక్యం మళ్లీ మా గడపెక్కినప్పుడు నోరెత్తకుండా నుదురు చూపించాను. ఈసారి తుడుచుకోలేదు.

బుధవారం ముత్తయిదువల్లో సగం మంది రాలేదు. వచ్చినవాళ్లు గొడుగుకు వేస్తారన్న ఆశా లేదు. ఎండ ముదురుతుంటే మాణిక్యం మొహం వాడిపోయింది. అప్పుడొచ్చింది శివరామయ్య గారి జట్కా. తన ఓటర్లను తేవడానికి ఆయన కట్టించిన బండే. అందులోంచి ముందు మంగతాయారమ్మ గారు దిగింది, ఆవిడ వెనక ఒకరి తరువాత ఒకరు మరో నలుగురు విధవలు. దించేసి బండి మళ్లీ వెనక్కి తిరిగింది, ఇంకా ఉన్నారట. "ఇదేమిట్రా బంగార్రాజూ?" అని శివరామయ్య గారు బండివాడి మీద ఎగిరితే, "పెద్దమ్మగారు ప్రతి గుమ్మం దగ్గరా ఆపమన్నారండీ, నేనేం చెయ్యనండీ?" అన్నాడు వాడు. లైన్లో నేను మంగతాయారమ్మ గారి వెనకే నిలబడ్డాను. ఆవిడ నుదుటి మీద నువ్వుగింజంత బొట్టుంది.

ఎనిమిది ఓట్ల తేడాతో మాణిక్యం గెలిచింది. రెండోసారి లెక్కపెట్టించినా ఎనిమిదే. మరుసటి ఎండాకాలం రాకముందే పాకల దగ్గర కొళాయి పడింది. ఆ ఆడవాళ్లు మళ్లీ మా వీధికి నీళ్లకు రాలేదు.

ఫలితం తెలిసిన సాయంత్రం శివరామయ్య గారు ఇంటికొచ్చి, కండువా విసిరేసి, పెరటి గదికే వెళ్లాడు. తల్లీకొడుకుల గొంతులు వీధి దాటి మా ఇంట్లోకి వినిపించాయి.

"అమ్మా, నా బండెక్కి వెళ్లి ఎవరికి వేశావు?"

"గొడుగుకు వేశాన్రా."

"కన్నకొడుకు నిలబడితే ఆ కాందిశీకురాలికి వేస్తావా!"

"రెండుసార్లు నెగ్గావు, ఇది మూడోసారి నిలబడటం. ఊరందరి గుమ్మాలూ ఎక్కావు. ఒక్కసారైనా ఈ గదిలోకొచ్చి, నాకు ఓటెయ్యమ్మా అని అడిగావుట్రా? నాకూ ఓటుందని ఆ పిల్ల చెబితేగానీ తెలియలేదు నాయనా."