సార్జెంట్ అంకుల్ ఒప్పజెప్పిన లెక్క

ఈ పూట మీ వాళ్ళలో ఎవరు ఎక్కడున్నారో మీరు తడుముకోకుండా చెప్పగలరా? నేను చెప్పలేకపోయాను. బైబిల్లోని తప్పిపోయిన గొర్రె కథ మీద గొంతు బొంగురుపోయేలా ముమ్మారు ప్రసంగించినవాణ్ణి, చెప్పలేకపోయాను. నన్ను ఆ ప్రశ్న వారం వారం అడిగిన మనిషి ఇప్పుడు లేరు.

గురువారం పొద్దున మెల్‌బోర్న్ శివారు టార్నీట్ స్టేషన్ దగ్గర డెలివరీ వ్యాను ఆపి పార్సిళ్ళు సర్దుకుంటుంటే ఆయన కూతురు ఫోన్ చేసింది. "బ్రదర్, డాడీ ఇక లేరు. మార్నింగ్ షూస్ పాలిష్ చేసుకుంటూ చెయిర్‌లోనే..." అంది. ఒక బూటు మెరుస్తోందట. రెండోదానికి ఇంకా బ్రష్షు తగల్లేదట.

మా తెలుగు క్రైస్తవ సహవాసంలో ఆయన్ని అందరూ సార్జెంట్ అంకుల్ అనేవారు. ఒంగోలు మనిషి. గ్రీన్ కార్డు మీద అమెరికా వెళ్ళి, ముప్ఫై దాటాక అక్కడి సైన్యంలో చేరి, ఇరవై ఏళ్ళు చేసి, భార్య పోయాక మెల్‌బోర్న్‌లో నర్సుగా ఉన్న కూతురి దగ్గరికి వచ్చేశారు. మేం ఆదివారం మధ్యాహ్నాలు అద్దెకు తీసుకునే కమ్యూనిటీ హాలుకి ఆయన పావుగంట ముందే వచ్చి కుర్చీలు వేసేవారు. వరసలో ఒక్క కుర్చీ వంకరగా ఉన్నా మళ్ళీ సర్దేవారు.

మొదటి ఆదివారమే నేనొక పొరపాటు చేశాను. మనవాళ్ళకు అలవాటైన పొరపాటే: ఎదుటి మనిషి హోదాను గౌరవం కొద్దీ రెండు మెట్లు పెంచి చెప్పడం. "అమెరికా సైన్యంలో పెద్ద ఆఫీసరుగా చేసిన వారు మన మధ్య ఉన్నారు" అని ఘనంగా పరిచయం చేశాను. అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన లేచి, "ఆఫీసర్ని కాదండీ, సార్జెంట్ని. నన్ను సార్ అని కూడా అనమాకండి, అక్కడ ఆ మాట ఆఫీసర్లకే. నేను ఒళ్ళొంచి పనిచేసినోణ్ణి" అన్నారు. హాలంతా నవ్వింది. నేను మాత్రం చిన్నబోయాను.

ఆ రోజు, కూటం తర్వాత అందరం కలిసి తినే ప్రేమ విందు దగ్గర, కాగితం ప్లేట్లు బల్ల మీద పరిచి ఆయన మాకు తన సైన్యాన్ని చూపించారు. నలుగురు ఒక టీము. రెండు టీములు, వాళ్ళ మీద ఒక నాయకుడు కలిస్తే స్క్వాడ్. అలాంటివి నాలుగైతే ప్లటూన్, దగ్గర దగ్గర నలభై మంది. ప్లటూన్లు కలిస్తే కంపెనీ. ప్లటూన్‌కి పెద్ద, కాలేజీ ముగించి వచ్చిన ఇరవై మూడేళ్ళ లెఫ్టినెంట్. ఆ అబ్బాయి పక్కన, పదిహేనేళ్ళ అనుభవం ఉన్న సార్జెంటు. ఏం చెయ్యాలో లెఫ్టినెంటు చెబుతాడు, చేయించేది సార్జెంటు.

"అంత అనుభవం పెట్టుకుని ఆ పిల్లగాడికి సెల్యూట్ కొడతరా అంకుల్?" అని అడిగింది వరంగల్ చెల్లెమ్మ. మాస్టర్స్ చదువుతూ వృద్ధుల హోమ్‌లో షిఫ్టులు చేసే అమ్మాయి.

"కొడతానమ్మా. ఆ పిల్లోడికి కాదు, ఆ కుర్చీకి. తర్వాత చాటుకు పిలిచి, 'సార్, మీరు చెప్పింది ఇట్టా చేస్తే బాగుంటదేమో' అంటాను. తెలివైనోడైతే వింటాడు."

"వినకపోతే?"

"వానలో తడుస్తాం. అందరం కలిసే."

నాకు వెంటనే సువార్తలోని శతాధిపతి, నూరుమంది సైనికుల నాయకుడు, గుర్తొచ్చాడు. తన పైన అధికారి ఉన్నాడని, తన కింద సైనికులున్నారని చెప్పి, ప్రభువునే ఆశ్చర్యపరిచిన మనిషి. వచ్చే వారం ప్రసంగం దొరికిందని సంబరపడ్డాను. విధేయత గురించి గంటసేపు దంచాను. కింద ఉన్నవాళ్ళ పట్ల అధికారికి ఉండే బాధ్యత గురించి ఒక్క ముక్క చెప్పలేదు. దేవుని వాక్యం చేతిలో ఉన్నంత మాత్రాన అది లోపల ఉన్నట్టు కాదు సుమండీ.

విందులో ఆయన ఎప్పుడూ వరస చివరే నిలబడేవారు. తమ సైన్యంలో ఆరుబయట వంట అయినప్పుడు కొత్తగా చేరినవాళ్ళు ముందు తింటారట, పెద్ద హోదావాళ్ళు ఆఖర్న. ప్రసంగీకుడిగా మొదటి ప్లేటు అందుకోవడం నాకు అలవాటు. ఆయన ఖాళీ ప్లేటుతో చివర నిలబడి, అందరూ తింటుంటే చూసేవారు, అంతే.

కూటం ముగిశాక తలుపు దగ్గర తలలు లెక్కపెట్టేవారు. రోజూ పొద్దున్నే వాళ్ళ సైన్యంలో జరిగే పని అదే. టీము నాయకుడు తన నలుగురి లెక్క స్క్వాడ్ నాయకుడికి చెబుతాడు, అతను ప్లటూన్ సార్జెంటుకి, ఆయన పైకి. "అందరూ ఉండాలని రూలు లేదు బ్రదర్. లేనోళ్ళ జాడ తెలిసుండాలి" అనేవారు.

నాలుగు నెలల కిందట వరంగల్ చెల్లెమ్మ వరసగా మూడు ఆదివారాలు ఆలస్యంగా వచ్చింది. మూడోసారి వెనక కుర్చీలో కునికింది. నేను ప్రసంగం ఆపి, "కొందరికి ప్రభువు దినం నిద్ర దినం అయిపోయింది" అన్నాను. అందరి తలలూ అటు తిరిగాయి. ఆ అమ్మాయి బ్యాగు తీసుకుని వెళ్ళిపోయింది. మళ్ళీ రాలేదు.

ఆనాటి నుంచి తలుపు దగ్గర ఒకటే మాట. "బ్రదర్, ఒకరు లేరు. జాడ తెలుసా?"

"తెలీదు అంకుల్. విశ్వాసంలో నిలబడనివాళ్ళ కోసం ఎంతకని ఆగుతాం?"

ఒక ఆదివారం ఆయన నన్ను కుర్చీలు పెట్టే గదిలోకి పిలిచారు. తాను టీము నాయకుడైన కొత్తలో జరిగిన సంగతి చెప్పారు. తుపాకి గురి సాధన చేసే మైదానంలో ఎండ మండిపోతోంది. సాయంత్రం లెక్క అడిగితే, తలెత్తి చూడకుండానే "నలుగురూ ఉన్నారు" అనేశారు. ఉన్నది ముగ్గురు. నాలుగోవాడు ఎండదెబ్బ తగిలి ట్రక్కు వెనక పడిపోయి ఉన్నాడు. ప్లటూన్ సార్జెంటు అతన్ని అప్పటికే చూసి వైద్యానికి పంపించాడు. అయినా తెలియనట్టే అడిగాడు, జవాబు ఈయన నోటి నుంచే రావాలని.

"అందరి ముందర ఒక్క మాట అన్లేదు బ్రదర్. ట్రక్కు చాటుకు తీసుకెళ్ళి అన్నాడు, నలుగుర్ని చూసుకోలేనోడికి నలభై మందిని ఎవరిస్తారు అని. మెచ్చుకోలు నలుగుర్లో, మందలింపు చాటుగా. అదీ మా పద్ధతి."

కొంచెంలో నమ్మకంగా ఉన్నవాడికే ఎక్కువ అప్పగిస్తారన్న ఉపమానం నేనెన్నిసార్లు చెప్పలేదు! తల వంచుకుని, "ఈ వారంలో వెళ్తాను అంకుల్" అన్నాను.

"ఈ వారం ఎందుకు? ఈ రోజుంది కదా."

ఆ రోజు వెళ్ళలేదు. సోమ, మంగళ, బుధవారాలూ వెళ్ళలేదు. ఆ గురువారమే ఫోన్ వచ్చింది.

మధ్యాహ్నం వాళ్ళింటికి వెళితే, వాళ్ళమ్మాయి ఒక ఆకుపచ్చ అట్ట నోటుపుస్తకం నా చేతిలో పెట్టింది. తన మనుషుల వివరాలు రాసుకునే అలాంటి పుస్తకం అక్కడ ప్రతి సార్జెంటు జేబులోనూ ఉంటుందట. ఇందులో ఉన్నది మేం. ఎవరికి షుగరు, ఎవరి వీసా ఆగింది, ఎవరి పిల్లకు పరీక్షలు. ఒక పేజీలో చెల్లెమ్మ: "శనివారం నైట్ షిఫ్టు. ఆదివారం నిద్ర రెండు గంటలు. వరంగల్లో అమ్మకు డయాలసిస్." దాని కింద, వేరే ఇంకుతో: "బ్రదర్ వెళ్తారు."

ఆయనకు జాడ మొదటి నుంచీ తెలుసు. జవాబు నా నోటి నుంచి రావాలని ఆగారు.

అక్కణ్ణుంచి నేరుగా ఆ అమ్మాయి ఉండే ఇంటికి వెళ్ళాను. యూనిఫాంలో తలుపు తీసింది. వార్త చెప్పాను. గుమ్మంలోనే కూర్చుండిపోయింది. "నిన్ననే వచ్చిండ్రు బ్రదర్. ప్రతి బుధవారం పప్పు డబ్బా ఇచ్చిపోయేటోరు. 'మీ బ్రదర్ వస్తాడమ్మా, కొంచెం టైం పడద్ది, ఆఫీసర్లు అంతే' అని నవ్వేటోరు."

నేనూ గుమ్మంలోనే కూర్చుని క్షమాపణ అడిగాను. ప్రసంగంలా కాదు, మామూలుగా.

"మీరన్నది కాదు బ్రదర్. అందరి ముందర అన్నరు, అదే మనసుకు తాకింది" అంది. లేచి నిలబడి, "అంకుల్ కార్యక్రమానికి కుర్చీలు నేనేస్త" అంది.

శనివారం పొద్దున హాల్లో వరసలు తీగ లాగినట్టున్నాయి. శవపెట్టెలో ఆయన బూట్లు రెండూ మెరుస్తున్నాయి, రెండోది వాళ్ళమ్మాయి పూర్తిచేసిందట. అందరూ వెళ్తుంటే నేను తలుపు దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టాను. పక్కకొచ్చి చెల్లెమ్మ అడిగింది, "ఎంతమంది బ్రదర్?"

"నలభై. ఒకరు లేరు."

"జాడ?"

"తెలుసమ్మా."

చదువుతున్న సహోదరీ, సహోదరుడా, మీ లెక్క మీరు తియ్యండి. మీ మాటకు నొచ్చుకుని తలుపు దాటిపోయినవారు ఎవరో మీకు తెలుసు. పొద్దు కుంకకముందే కోపం చల్లార్చుకోమని వాక్యం. చెప్పులు వేసుకోండి, వెళ్ళి తలుపు కొట్టండి. ఈ వారం కాదు. ఈ రోజే.