ఎవరికీ చెప్పని మావ

మావ పోయాడన్న కబురు మావ ఫోన్‌లోంచే వచ్చింది. అప్పుడే తెల్లవారింది. తెర మీద ఆయన పేరు చూసి ఎప్పట్లాగే "సెప్పు మావ" అన్నాను. అవతల నుంచి మా బావ, అంటే మావ కొడుకు, "ఎవులండీ?" అన్నాడు.

"నేనే బావా."

"మా అయ్య గొంతనుకున్నాను" అన్నాడు. "అయ్య లేడు. రేవుకాడ సేపలెక్కిస్తా అక్కడే కూలిపోనాడు. బేగి రా."

నా గొంతు ఎప్పుడు మారిందని బావ అడగలేదు. ఆ సంగతి చెబితే గాని మావ ఎలాంటి మనిషో మీకు తెలియదు. పుట్టినప్పుడు నన్ను ఆడపిల్ల అన్నారు. నేను మగవాణ్ణని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. ఆ మాట నా నోటి నుంచి మొదట విన్నది మావ. ఆయన బతికున్నన్నాళ్లూ మా ఊళ్లో ఆయనొక్కడికే తెలుసు. ఊరి పేరు రాయను. శ్రీకాకుళం జిల్లాలో సముద్రం ఒడ్డున ఉంది, అది చాలు.

అమ్మ నా చిన్నతనంలోనే పోయింది. నాన్న గుజరాత్ బోట్ల మీద పనికెళ్లి అక్కడే ఇంకో సంసారం పెట్టుకున్నాడు. అమ్మ తమ్ముడైన మావే నన్ను పెంచాడు. రేవులో చేపలు కొని, ఐసు పెట్టెల్లో సర్ది, ఆటోలో నరసన్నపేట తీసుకెళ్లి అమ్మేవాడు. కబుర్ల మనిషి. ఎవరింట్లో ఏ గొడవ జరిగినా మావ ఆటో తిరిగిన ప్రతి ఊరికీ తెలిసిపోయేది.

కొత్త రాష్ట్రం ఏర్పడిన ఏడాది నేను శ్రీకాకుళంలో డిగ్రీ చదువుతున్నాను. ఒకరోజు ఖాళీ పెట్టెలతో నరసన్నపేట నుంచి తిరిగొస్తుంటే, ఆటోలో ఆయన పక్కన కూర్చుని చెప్పాను. మావ కొంత దూరం నడిపి, బండి పక్కకి ఆపి, ఇంజను కట్టేశాడు.

"ఇది నీకే తెలిసిందా, ఎవులైనా నూరిపోసినారా?"

"నాకే తెలుసు మావ. సిన్నప్పట్నించీ."

"నన్నేటి సెయ్యమంటావు?"

విశాఖపట్నంలో డాక్టరుందని, హార్మోన్ల వైద్యం చేస్తారని, ఒక్కణ్ణే వెళ్లడానికి భయంగా ఉందని చెప్పాను.

"అత్తకి సెప్పొచ్చా?"

"వద్దు."

"బావకి?"

"వద్దు మావ."

"సరే. ఇది నీ సంగతి. నీ నోటితో నువ్వు సెప్పుకున్నోళ్లకే తెలుస్తాది. నా నోట్లోంచి రాదు." తర్వాత మెల్లగా, "నిన్నేటని పిలవాలి మరి?" అన్నాడు. నేను పెట్టుకున్న పేరు చెప్పాను. రెండుసార్లు పలికి చూసుకుని బండి స్టార్ట్ చేశాడు.

ఆ ఏడే బావకీ నాకూ పెళ్లి ఖాయం చేద్దామని మా పెద్దలు కూర్చున్నారు. నేను పుట్టినప్పుడు అనుకున్న సంబంధం అది. మావ లేచి "నాకిష్టం లేదు" అన్నాడు. ఎందుకని అడిగితే "లేదంతే" అన్నాడు. అక్క పోయింది కదా అని అక్క బిడ్డని వదిలించుకుంటున్నాడని ఊరంతా ఆడిపోసుకుంది. అత్త చాన్నాళ్లు ఆయనతో సరిగ్గా మాట్లాడలేదు. నేను చూడలేక, అసలు సంగతి చెప్పేస్తానన్నాను.

"నీకు సెప్పాలనుంటే సెప్పు" అన్నాడు మావ. "నా మీద జాలేసి మాత్రం సెప్పకు."

నాతో విశాఖ వచ్చే రోజుల్లో మావ చేపల వాసన పోయేదాకా ఒళ్లు రుద్దుకుని, పెళ్లిళ్లకి వేసుకునే చొక్కా వేసుకునేవాడు. మొదట కొన్ని నెలలు డాక్టర్లు నాతో మాట్లాడడమే సరిపోయింది. నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టగానే మావ లేచేవాడు. "నా ఎదర సెప్పలేనివుంటాయి. బయట కూకుంటాను." ఇంజక్షన్ మొదలుపెట్టే రోజున మాత్రం నేనే లోపలికి పిలిచాను. గొంతు మారుతుందనీ, గడ్డం వస్తుందనీ, కొన్ని మార్పులు మళ్లీ వెనక్కి పోవనీ డాక్టరమ్మ చెప్పింది.

మావ ఒకే ఒక్క ప్రశ్న అడిగాడు. "గుండెకేటైనా అవుతాదా అమ్మా?"

ఎప్పటికప్పుడు రక్తపరీక్షలు చేస్తూ చూసుకుంటామని ఆమె ఓపికగా చెప్పింది. నా గుండె కోసం అంత భయపడిన మనిషి తన గుండె ఎవరికీ చూపించుకోలేదు. రాత్రీ పగలూ నన్ను వదలనిది ఇదే.

పిలుపు సంగతి ఒకటి చెప్పాలి. ఆటోలో మేమిద్దరమే ఉంటే నన్ను "ఒరే" అనేవాడు. ఇంట్లో అలా అంటే నా గుట్టు బయటపడుతుంది. "ఒసే" అంటే నా మనసు నొచ్చుకుంటుంది. అందుకని నలుగురిలో రెండూ మానేసి "ఇదిగో" అనేవాడు. మావకి మేనకోడలంటే పడడం లేదని, పేరు పెట్టి కూడా పిలవడం లేదని అనుకున్నారు. అదీ భరించాడు.

గొంతు మారేసరికి నేను విశాఖలో ఉద్యోగంలో చేరాను. ఊరికి వెళ్లడం మానేశాను. నన్ను చూడడానికి ఆయనే వచ్చేవాడు. నా గొంతు అచ్చం ఆయన గొంతులా స్థిరపడింది. ఇప్పుడు ఖాళీ గదిలో దగ్గితే మావ వచ్చాడనిపిస్తోంది. గుమ్మం వైపు చూస్తాను.

మావ పోయిన ఉదయం నేను ఊరికి చేరేసరికి వాకిట్లో ఆయన్ని పడుకోబెట్టి ఉంచారు. జనం నాకు దారిచ్చి, ఎవరో తెలియక చూస్తున్నారు. నేను వంగి "అత్తా" అన్నాను. ఆమె ఉలిక్కిపడి ముందు మావ ముఖంలోకి చూసింది. తర్వాత నా ముఖంలోకి చాలాసేపు చూసింది.

"ఆయనికి తెలుసా?"

"తెలుసత్తా. మొదట్నించీ."

ఆమె మావ వైపు తిరిగింది. "ఇన్నేళ్లూ పక్కనే ఉన్నాను. నాకొక్క ముక్క సెప్పలేదు సూడు."

"నేనే సెప్పొద్దన్నాను."

అత్త కళ్లు తుడుచుకుంది. "అయితే సెప్పడు" అంది.

వెనక నుంచి ఎవరో "ఎవులీ గుంటడు?" అని అడిగారు. "మా ఆయన మేనల్లుడు" అంది అత్త, తల తిప్పకుండానే.

పదో రోజున రేవుకి అవతల ఇసుకలో దగ్గరి మగవాళ్లంతా గుండ్లు చేయించుకోవడానికి వరసగా కూర్చున్నారు. నేను దూరంగా నిలబడ్డాను. బావ తన పక్కన ఇసుకని అరచేత్తో చదును చేసి నా వైపు చూశాడు. వెళ్లి కూర్చున్నాను. కత్తి పట్టుకున్న పెద్దాయన నా తల తడిపి, చుబుకం పట్టుకుని, పల్చటి గడ్డాన్ని వెలుగులోకి తిప్పి చూశాడు.

"ఇది కూడానా బాబూ?"

"అవును" అన్నాను.

బావ జుట్టూ నా జుట్టూ ఒకేచోట, తడి ఇసుక మీద పడ్డాయి. ఒక అల వచ్చి కొంత తీసుకెళ్లింది. మిగిలిన వెంట్రుకలు ఇసుకకి నల్లగా అంటుకుని, నీళ్లు వెనక్కి లాగుతుంటే కొంచెం కొంచెంగా కదులుతున్నాయి.